ఫార్మ్‌-డి చదివే అమ్మాయికి క్లినికల్ రీసెర్చ్ కోర్సు కోసం లక్షన్నర కట్టాలా?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాను. మా అమ్మాయికి లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించినా ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఆరేళ్ళ ఫార్మసీ కోర్సు అయిన ఫార్మ్‌-డిలో చేరి ఇప్పుడు నాలుగో సంవత్సరం చదువుతోంది. వైద్యంలో కొత్తగా వచ్చే పరిశోధనలు చదవడమంటే తనకు ఇష్టం. మెడికల్ షాపు వద్దు, మందులు పనిచేస్తాయో లేదో రోగుల్లో పరీక్షించి చూసే క్లినికల్ రీసెర్చ్‌లోకి వెళ్తానంటోంది. హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సుకు లక్షా యాభై వేలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాకు రెండు భయాలు. ఇవాళ మంచిదన్న మందును రేపు పనికిరాదంటారు కదా, అలాంటి పరిశోధనలను నమ్ముకుని బతకడం ఎలా? రెండోది, అది పేదవాళ్ళ మీద మందులు ప్రయోగించే పని అని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, ముందు డబ్బు విషయం తేల్చేద్దాం. ఆ లక్షా యాభై వేలు కట్టకండి. మీ అమ్మాయి సిలబస్ ఒకసారి తీసి చూడండి. నాలుగో ఏట బయోస్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడాలజీ అని ఒక పేపరు ఉంది. ఐదో ఏట క్లినికల్ రీసెర్చ్ అనే పేరుతోనే ఒక సబ్జెక్టు ఉంది, దాంతోపాటు ఆరు నెలల ప్రాజెక్టు. ఆరో ఏడంతా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, ఆ తర్వాత మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు. ఈ కోర్సు నడిపే కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రి అనుబంధంగా ఉండాలన్నది నిబంధన. ఆ సంస్థవాళ్ళు గదిలో కూర్చోబెట్టి స్లైడ్ల మీద చూపించేదాన్ని మీ అమ్మాయి వార్డులో, రోగుల మధ్య నేర్చుకునే వీలు ఇప్పటికే ఉంది. దానికి మీరు ఏటా ఫీజు కడుతూనే ఉన్నారు. ఇక గ్యారంటీ సంగతా, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. కాగితం దాకా వచ్చేసరికి అది చాలా చోట్ల ‘ప్లేస్‌మెంట్ సహాయం’గా మారిపోతుంది.

మీ మొదటి భయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీ అమ్మాయి చేయబోయే పనంతా అక్కడే ఉంది.

2020 వేసవి గుర్తుందా? కోవిడ్‌కు పనిచేస్తుందని హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రల కోసం ఎంత హడావుడి జరిగిందో! చాలా కొద్దిమంది రోగుల్లో చూసిన ఫలితంతోనే ఆ మందుకు ప్రపంచమంతా పేరొచ్చింది. అదే సమయంలో బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు రికవరీ అనే ట్రయల్, అంటే మందులను రోగుల్లో పరీక్షించే అధ్యయనం, మొదలుపెట్టారు. ఆసుపత్రుల్లో చేరిన వేలమంది కోవిడ్ రోగుల్లో ఎవరికి ఏ మందు ఇవ్వాలన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. జూన్ నెలలోనే ఫలితాలు వచ్చాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల మరణాలు తగ్గలేదు. ఎన్నో ఏళ్ళుగా చవగ్గా దొరుకుతున్న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రం వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు దాంతో మేలు కనిపించలేదు.

ఈ చివరి ముక్క చాలామందికి చేరలేదు. 2021 సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ బాగానే ఉండి ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా మొదటి రోజు నుంచే స్టెరాయిడ్లు మింగారు. షుగర్లు పెరిగాయి. ఆ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్ కేసులకు షుగర్‌తోపాటు ఈ విచ్చలవిడి స్టెరాయిడ్ వాడకం కూడా ఒక కారణమని వైద్యులు గుర్తించారు. పరిశోధన సరిగ్గానే చెప్పింది. దాన్ని పూర్తిగా చదివి, ఏ రోగికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అని చెప్పే మనిషి మంచం దగ్గర లేకపోవడం వల్ల నష్టం జరిగింది. మీ అమ్మాయి ఆ మనిషి కావాలనుకుంటోంది. అందుకే నాకు ఈ ఉత్తరం చదివి సంతోషం వేసింది.

మాట మారిన సందర్భాలు లేవని కాదు. గుండెపోటు రాకుండా ముందుజాగ్రత్తగా పెద్దవాళ్ళు రోజూ ఒక చిన్న ఆస్పిరిన్ వేసుకోవడం చాలా ఇళ్ళలో అలవాటు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధుల మీద జరిపిన ఆస్ప్రీ ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. ఆ మాత్ర వాళ్ళకు మంచాన పడకుండా గడిపే ఏళ్ళను పెంచలేదు, రక్తస్రావాలను మాత్రం పెంచింది. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పేటప్పుడు జాగ్రత్తండి. ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ ఆపితే ప్రాణం మీదకొస్తుంది. ఆ ట్రయల్ వాళ్ళ గురించి కాదు. ఒకే మాత్ర ఒక మంచం దగ్గర తప్పనిసరి, పక్క మంచం దగ్గర అనవసరం అవుతుంది. ఆ తేడా తెలియాలంటే ట్రయల్‌లో ఎవరిని చేర్చుకున్నారో చదవాలి.

అమ్మాయితో కూడా ఒక మాట. అమ్మా, నువ్వు పరిశోధనలు ఇష్టంగా చదువుతావని నాన్నగారు రాశారు. వార్తలో చదువుతున్నావా, అసలు పరిశోధన పత్రమే తెరుస్తున్నావా? బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మీద సెలెక్ట్ అనే ట్రయల్ 2023లో వచ్చింది. షుగర్ లేకుండా, అధిక బరువుతో, అప్పటికే గుండె జబ్బు లేదా పక్షవాతం లాంటివి ఉన్న 17,604 మందిని తీసుకున్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం ఈ మూడూ కలిపి చూస్తే 20 శాతం తగ్గాయని వార్తలు రాశాయి. తప్పు లేదు. కానీ లోపలి అంకెలు చూడు. మందు తీసుకోనివాళ్ళలో నూటికి 8 మందికి, తీసుకున్నవాళ్ళలో నూటికి 6.5 మందికి ఆ ప్రమాదం జరిగింది. సగటున మూడేళ్ళకు పైగా గమనిస్తే నూటికి ఒకటిన్నర తేడా. ఇది చిన్నదని నేననను, అంతమంది రోగుల్లో అది నిజమైన మేలే. కానీ నెలనెలా ఇంజెక్షన్ కొనుక్కోవలసిన మన ఊరి మనిషికి రెండు అంకెలూ చెప్పాలి. ఇంటర్వ్యూలో ఇలాంటి పేపరు ముందు పెట్టి ‘ఇందులో ఏం అర్థమైంది?’ అని అడిగితే, ఇరవై శాతం అని ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. ఒకటిన్నర దాకా వెళ్ళగలిగితే నిన్ను గుర్తుపెట్టుకుంటారు.

నాకు బాగా నచ్చిన పరిశోధన మాత్రం మన దేశంలోదే. దాని పేరు రేషన్స్. 2019లో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో మొదలైంది. టీబీ రోగి ఇంట్లోవాళ్ళకు కూడా ఆ జబ్బు సోకే ప్రమాదం ఎక్కువ. తిండి చాలనివాళ్ళకు ఇంకా ఎక్కువ. మరి ఆ కుటుంబానికి నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే? పదివేల మందికి పైగా కుటుంబ సభ్యులను గమనించారు. రేషన్ అందుకున్న ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కఫం పరీక్షలో తేలిన టీబీ అయితే 48 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఫలితాలు ప్రచురించారు. కొత్త మందు లేదు, పేటెంటు లేదు, బియ్యం, పప్పు! కానీ ఆ మాట రుజువు కావాలంటే ఊరూరా తిరిగి బరువులు తూచి, కఫం పరీక్షలు చేయించి, ఎవరినీ వదలకుండా లెక్క రాసే సిబ్బంది కావాలి. క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగం అంటే చాలావరకు ఇదే పని. ఓపికా నిజాయితీ కావలసిన పని. ఒక్కరు బరువు తూచకుండానే అంకె వేస్తే ఫలితం మొత్తం పాడవుతుంది.

ఇక మీ రెండో భయం. బంధువులు గాలికి అన్న మాట కాదది. 2011లో మన పిడుగురాళ్ళ మహిళల మీద సరిగ్గా చెప్పకుండా మందుల పరీక్షలు జరిపారన్న ఆరోపణలు పత్రికల్లో వచ్చాయి, మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన కార్యక్రమంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్టు తేలి, 2010లో దాన్ని ఆపించారు. ఈ రంగంలోకి వచ్చే ప్రతి పిల్లా పిల్లవాడూ ఈ రెండు సంగతులూ తెలుసుకునే రావాలి.

నిబంధనలు క్రమంగా గట్టిపడ్డాయి. ట్రయల్ మొదలుపెట్టే ముందే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే సీటీఆర్ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. రోగికి అర్థమయ్యే భాషలోనే అంగీకార పత్రం ఉండాలి. చదువు రానివాళ్ళయితే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. తీవ్రమైన ఇబ్బంది ఏదైనా వస్తే 24 గంటల్లోగా అధికారులకు తెలపాలి. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. ఆచరణలో ఇవి నిలబడేది ఆ పత్రాన్ని చేతిలో పట్టుకుని రోగి ఎదురుగా కూర్చునే ట్రయల్ కోఆర్డినేటర్ మీదే. మాచర్ల నుంచో రేపల్లె నుంచో వచ్చిన ఒక అమ్మకు ‘ఇది కొత్త మందమ్మా, పని చేస్తుందో లేదో ఇంకా తెలియదు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినా మీ వైద్యం ఆగదు’ అని ఆమె మాటల్లో, తొందరపెట్టకుండా చెప్పాలి. పేదవాళ్ళకు అన్యాయం జరుగుతుందని బాధపడే ఇంటి పిల్ల ఆ కుర్చీలో కూర్చోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఫార్మ్‌-డి వాళ్ళను క్లినికల్ ఫార్మసిస్టులుగా తీసుకునే ఆసుపత్రులు మన దగ్గర ఇంకా తక్కువే. నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో మందుల భద్రత చూసే పని ఉంటుంది కాబట్టి అక్కడ అవకాశం ఎక్కువ. ట్రయల్ కోఆర్డినేటర్ ఉద్యోగాలు విజయవాడ, గుంటూరుల్లో దొరుకుతాయి. ఏ ఆసుపత్రుల్లో ట్రయల్స్ నడుస్తున్నాయో ఎవరినీ అడగనక్కర్లేదు. సీటీఆర్ఐ వెబ్‌సైట్ అందరికీ ఉచితం, ఒక్కో ట్రయల్ వివరాల్లో ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఉంటాయి. ఒక సాయంత్రం తండ్రీకూతుళ్ళు కూర్చుని చూడండి. ట్రయల్ సక్రమంగా జరుగుతోందో లేదో తిరిగి చూసే మానిటర్లు, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్, డేటా మేనేజ్‌మెంట్, మెడికల్ రైటింగ్ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లోనే. మొదట్లో జీతం తక్కువ, రెండు మూడేళ్ళు అలాగే గడుస్తుంది. కేవలం టైపు కొట్టే తరహా పనులను సాఫ్ట్‌వేర్లు లాగేసుకుంటున్నాయి కాబట్టి ఆలోచన అవసరమైన పని వైపు వెళ్ళమనండి. మూడు నాలుగేళ్ళ అనుభవం తర్వాత ప్రజారోగ్యంలో ఎంపీహెచ్ చేస్తే దారి ఇంకా తెరుచుకుంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ కోర్సు ఉంది.

ఇప్పుడు డబ్బు పెట్టకుండా చేయగలిగినవి. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ, ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ కోర్సు నడుపుతోంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే కొద్దిపాటి ఫీజు. వార్డులో మందు పడక ఎవరికైనా దద్దుర్లు వచ్చినా, వాంతులు పట్టుకున్నా దాన్ని మన దేశపు ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఫారం నింపి పంపడం నేర్చుకోమనండి. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు రోగులు కూడా చెప్పవచ్చు. కాలేజీ ఆసుపత్రిలో అలాంటి కేంద్రం ఉంటే అక్కడి సార్లను అడిగి ఆ పనిలో చేరాలి. తను స్వయంగా రాసిన రిపోర్టులు ఒక ఫైలు నిండా ఉంటే, ఉద్యోగానికి వెళ్ళినప్పుడు లక్షన్నర సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఐదో ఏటి ప్రాజెక్టు. పాత సీనియర్ల ప్రాజెక్టును పేర్లు మార్చి ఇవ్వడం చాలా కాలేజీల్లో జరుగుతోంది. మీ అమ్మాయిని అది చేయనివ్వకండి. ఒక అంశం నేనే చెబుతాను. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మాత్రగా వచ్చింది. గుండె బలహీనపడినవాళ్ళకు, షుగర్ లేకపోయినా, అది ఉపయోగపడుతుందని 2019లో డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్ చూపించింది. గుండె పరిస్థితి విషమించడం, గుండె జబ్బుతో మరణం కలిపి 26 శాతం తగ్గాయి. 2020లో మన దేశంలో పేటెంటు ముగిసి, చాలా కంపెనీలు తయారుచేయడంతో ధర బాగా దిగింది. మరి మీ కాలేజీ ఆసుపత్రికి వచ్చే గుండె బలహీనత రోగుల్లో ఎందరి చీటీలో ఆ మాత్ర ఉంది? లేనివాళ్ళకు ఎందుకు లేదు, కిడ్నీ సమస్యా, డాక్టరుకు తట్టలేదా, ‘నాకు షుగర్ లేదు కదా’ అని రోగే మానేశాడా? ఈ ప్రశ్నకు జవాబు ఏ విదేశీ పేపర్లోనూ దొరకదు, ఆ వార్డులో కేస్‌షీట్లు తిరగేసి రోగులతో మాట్లాడితేనే తెలుస్తుంది. ఇలాంటి అధ్యయనానికి కూడా కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ కమిటీ రోజూ కూర్చోదు, కాబట్టి ఐదో ఏడు మొదలయ్యే లోపే అధ్యయనం ఎలా చేస్తుందో చెప్పే ప్రోటోకాల్ రాసి, గైడ్‌కు చూపించి సిద్ధంగా పెట్టుకోమనండి.