మొక్క మందే కదా అని మోతాదు పెంచొచ్చా?

ప్రశ్న: నాన్నగారికి గుండెపోటు వస్తే వెంటనే స్టెంట్ వేశారు. ఆగిన రక్తం మళ్లీ పారడం వల్ల కూడా కండరం కొంత దెబ్బతిందని డాక్టర్ అన్నారు. ఆయన గౌట్ కోసం వాడే కోల్చిసిన్ ఆ దెబ్బని ఆపుతుందని చదివాను. మొక్క నుంచి తీసిందే కదా, రోజుకు నాలుగైదు మాత్రలు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. డాక్టర్ రాసినదానికి మించి ఒక్కటి కూడా వద్దు.

‘మొక్కదే కదా’ అనే మాట వింటేనే నాకు టెన్షన్. అగ్నిశిఖ పువ్వు చూశారా? ఎరుపూ పసుపూ కలిసి మంటలా ఉంటుంది. దాని దుంపలో ఉండేది ఈ కోల్చిసినే. ఆ దుంప తిని చనిపోయినవాళ్లున్నారు. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. కిడ్నీలు సరిగా లేకపోయినా, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైనా మామూలు మోతాదే ఎక్కువైపోతుంది.

మీ డాక్టర్ చెప్పిన దెబ్బ మాత్రం నిజమే. నేను తొలిసారి క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే స్టెంట్లు వేసే గదిలో, నిలబడ్డ రోజు, బెలూన్ తీయగానే రక్తనాళంలోకి ఎక్కించిన రంగు మందు తెర మీద సర్రున కిందికి దిగింది. హమ్మయ్య అనుకునేలోపే మానిటర్‌లో సన్నటి గీతలు వెడల్పుగా, వంకరగా మారాయి. నాకు చెమటలు పట్టాయి. మా సీనియర్ తల కూడా తిప్పకుండా, "రక్తం చేరిందిలే, చూస్తూ ఉండు" అన్నారు. కాసేపటికి సర్దుకుంది.

రక్తం ఆగినప్పుడు కణంలో ఆమ్లం పేరుకుంటుంది, కాల్షియం పెరుగుతుంది. విచిత్రమేమిటంటే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరలోని రంధ్రాల్ని మూసి ఉంచేది ఆ ఆమ్లమే. రక్తం రాగానే అది కొట్టుకుపోతుంది. ఆక్సిజన్‌తో ఫ్రీ రాడికల్స్ అనే, కణాన్ని దెబ్బతీసే పదార్థాలు పుడతాయి, రంధ్రాలు తెరుచుకుంటాయి, కణం చచ్చిపోతుంది. ఇదంతా మొదటి నిమిషాల్లోనే. తెల్లకణాల దాడి ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో. కోల్చిసిన్ అడ్డుకునేది ముఖ్యంగా ఈ రెండోదాన్ని.

2015లో 151 మందితో చేసిన చిన్న పరీక్షలో ఆశ కనిపించింది. 2021లో వచ్చిన ఫ్రాన్స్ పరీక్షలో 192 మందిని తీసుకుని, కొందరికి ఈ మందు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఐదు రోజులిచ్చి ఎమ్మారై తీస్తే, చచ్చిన కండరంలో తేడా లేదు. పైగా మందు వాడినవాళ్లలోనే గుండె గదిలో రక్తపు గడ్డలు ఎక్కువగా కనిపించాయి.

మళ్లీ పోటు రాకుండా రోజుకు 0.5 మిల్లీగ్రాములు ఇవ్వడం వేరే సంగతి. 2019లో 4,745 మందిలో మేలు కనిపించింది, 2024లో 7,000 మందికి పైగా చేసిన పరీక్షలో కనిపించలేదు. మీ నాన్నగారికి అవసరమో కాదో కార్డియాలజిస్టే తేల్చాలి.

ఇప్పటికే అదనంగా మాత్రలు వేసి ఉంటే, వాంతులో విరేచనాలో మొదలయ్యేదాకా చూడొద్దు. ఆ మాత్రల అట్ట కూడా పట్టుకుని వెంటనే హాస్పిటల్‌కు వెళ్లండి.