తొంభై వేల కోర్సు కన్నా ముందు నాన్నగారి బిల్లు పుస్తకాలు

ప్రశ్న: మాది పాలకొల్లు. ఇంటర్‌లో సీఈసీ చదివాను, ఇప్పుడు బీకామ్ కంప్యూటర్స్ ఫైనలియర్. నాన్నగారికి ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. పెద్ద కంపెనీల్లో డేటా చూసి నిర్ణయాలు తీసుకునే విభాగాల్లో చేరాలని నా కోరిక. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు 90 వేలు అడుగుతున్నారు. జాబ్ గ్యారంటీ అంటున్నారు. నాన్నగారేమో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. లెక్కలు చదవని నాకు ఈ రంగంలో చోటుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చోటుందమ్మా. అయితే ఆ తొంభై వేలు మాత్రం ఇప్పుడే కట్టకండి. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు కోరుకుంటున్న పని ఎలా ఉంటుందో చూద్దాం. దాని కోసం హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, మీ దుకాణం చాలు.

మీ కౌంటర్ మీద పీఓఎస్ మెషిన్ ఉంటుంది కదా. రైతు ఆధార్ నంబరు చెప్పి, వేలిముద్ర వేశాక యూరియా బస్తా ఇస్తారు. 2018 నుంచి దేశమంతా ఈ పద్ధతే. ఎరువుల కంపెనీకి కేంద్రం ఇచ్చే సబ్సిడీ ఆ మెషిన్‌లో అమ్మకం నమోదైన లెక్క మీదే విడుదలవుతుంది. అంటే నాన్నగారు పాలకొల్లులో అమ్మిన బస్తా ఢిల్లీలోని మంత్రిత్వ శాఖకూ, కంపెనీ హెడ్డాఫీసుకూ కనబడుతుందన్నమాట. మీరు చేరాలనుకుంటున్న ప్రపంచం ఒక కొస మీ ఇంట్లోనే ఉంది.

ఇంకో సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. మెషిన్‌లో చూపించే స్టాకుకీ గోడౌన్‌లో ఉన్న బస్తాలకీ ఒక్కోసారి పొంతన కుదరదు. సర్వర్ పనిచేయని రోజు పుస్తకంలో రాసుకుని తర్వాత ఎక్కించడం మర్చిపోతారు, లేదా లారీ దిగిన సరుకు మెషిన్‌లో ఇంకా ఎక్కదు. వ్యవసాయాధికారి తనిఖీకి వచ్చారంటే నాన్నగారి ముఖం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. ఇదే చిక్కు పెద్ద కంపెనీకి వస్తే ఎంత దూరం పోతుందో కెనడాలో జరిగింది చూడండి. అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్ 2013లో కెనడాలో దుకాణాలు తెరిచింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వేల రకాల సరుకుల వివరాలు హడావుడిగా ఎక్కించారు. కొలతలు కొన్ని అంగుళాల్లో, కొన్ని సెంటీమీటర్లలో పడ్డాయి. పొడవు ఉండాల్సిన చోట వెడల్పు వచ్చింది. గోదాములు సరుకుతో కిక్కిరిసిపోయాయి, దుకాణాల్లో మాత్రం అరలు ఖాళీ. కారణాలు ఇంకా ఉన్నాయి గానీ ఈ తప్పుడు వివరాల పాత్ర చిన్నదేమీ కాదు. 2015 జనవరిలో మొత్తం 133 దుకాణాలూ మూసేస్తున్నామని ప్రకటించారు. సుమారు 17,600 మంది ఉద్యోగాలు పోయాయి.

ఈ కథ చెప్పడానికి కారణం మీ బీకామ్. డెబిట్, క్రెడిట్ సరిపోలకపోతే ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకునే దాకా నిద్రపట్టని అలవాటు కామర్స్ వాళ్లకు వస్తుంది. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ ట్రేడింగ్‌లో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. నష్టభయం లెక్కగట్టే మోడల్‌ను ఎక్సెల్ షీట్లలో చేత్తో కాపీ, పేస్టు చేస్తూ నడిపారని తర్వాత విచారణలో తేలింది. సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారు. దాంతో ప్రమాదం ఉన్నదానికన్నా తక్కువగా కనిపించింది. నష్టానికి అదొక్కటే కారణం కాదు, అయినా ఆ ఫార్ములాను ఇంకొకరు సరిచూసి ఉంటే దొరికే తప్పే అది. ఎక్సెల్‌ను చిన్నచూపు చూసే కుర్రాళ్లకు నేను ఈ ముచ్చట తరచూ చెబుతుంటాను.

సరే, లెక్క సరిగ్గా ఉంది. తర్వాత? ఇక్కడే చాలామంది తడబడతారు, ఒకప్పుడు నేనూ తడబడ్డాను. ఇలా సలహాలు చెప్పే పనిలోకి రాకముందు ఒక రిటైల్ కంపెనీలో రిపోర్టులు తయారు చేసేవాణ్ణి. రంగురంగుల చార్టులతో 14 పేజీల వారపు రిపోర్టు ఒకటి నా గర్వకారణం. ఒకసారి ఏదో లింకు తెగి మూడు వారాల పాటు పాత అంకెలే వెళ్లాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా ఫోన్ చేసి అడగలేదు. తప్పు దొరకనందుకు ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాను. ఆ రిపోర్టు చూసి ఎవరూ ఏ నిర్ణయమూ మార్చుకోవడం లేదని అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

అందుకే ఏ డ్యాష్‌బోర్డు (ముఖ్యమైన అంకెలు, చార్టులు ఒకే తెర మీద చూపించేది) చేసినా ముందు ఒకటి అడగాలి: ఈ అంకె పెరిగితేనో తగ్గితేనో ఎవరు, ఏ పని వేరుగా చేస్తారు? వాల్‌మార్ట్ సంగతి చూడండి. 2004లో ఫ్రాన్సిస్ తుపాను ఫ్లోరిడా వైపు వస్తోంది. అంతకు కొద్ది వారాల ముందే చార్లీ అనే తుపాను వచ్చిపోయింది. అప్పుడు జనం ఏం కొన్నారో పాత బిల్లుల్లో వెతికారు. టార్చిలైట్లు కొంటారని ఎవరైనా చెబుతారు. స్ట్రాబెరీ పాప్‌టార్ట్స్ అనే తీపి చిరుతిండి మామూలుకన్నా ఏడు రెట్లు అమ్ముడైందని మాత్రం బిల్లులు చూస్తే గానీ తెలియలేదు. కరెంటు లేకపోయినా, పొయ్యి వెలిగించకపోయినా తినొచ్చు మరి. వెంటనే ఆ దారిలో ఉన్న దుకాణాలకు లారీలు బయల్దేరాయి. తుపాను ముందు కొవ్వొత్తులు, బ్రెడ్డు ఎలా మాయమవుతాయో గోదావరి జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పాలా!

పాత లెక్కల్లో జవాబు లేనప్పుడు చిన్న పరీక్ష పెట్టి చూస్తారు. దీన్ని ఏ/బీ టెస్ట్ అంటారు. 2012లో మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో ఒక ఉద్యోగి ప్రకటనల శీర్షికలు చూపించే తీరు కొంచెం మార్చుదామన్నాడు. పెద్దగా లాభం ఉండదులే అని ఆరు నెలలకు పైగా పక్కన పెట్టారు. చివరికి ఒక ఇంజినీరు కొందరికి పాత తీరు, కొందరికి కొత్త తీరు చూపించి పోల్చాడు. ఆదాయం 12 శాతం పెరిగింది, ఒక్క అమెరికాలోనే ఏడాదికి పది కోట్ల డాలర్ల పైచిలుకు. అన్నేళ్ల అనుభవమున్న మేనేజర్ల అంచనా తప్పింది. మీటింగ్‌లో సీనియర్ మాటే చెల్లుబాటయ్యే కంపెనీల్లో ఇలాంటి పరీక్షకు చాలా ధైర్యం కావాలి, అది వేరే సంగతి.

ఇక ఉద్యోగాల మాట. బిల్లింగ్ నుంచి, గోదాముల నుంచి వచ్చే డేటాను ఒకచోట చేర్చి డేటా వేర్‌హౌస్ నిర్మించేది డేటా ఇంజినీర్లు. ముందు ఏం జరగొచ్చో లెక్కగట్టే మోడళ్లు కట్టేది డేటా సైంటిస్టులు, వాళ్లకు గణితం లోతుగా కావాలి. మధ్యలో ఉండేది డేటా అనలిస్టు లేదా బిజినెస్ అనలిస్టు. వ్యాపారం వాళ్ల ప్రశ్నను డేటా భాషలోకి మార్చి, వచ్చిన జవాబును మళ్లీ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పే పని ఇది. మీకు సరిపోయేది ఇదే. నిజం చెప్పాలంటే బీకామ్‌తో మొదటి రోజే ఆ హోదా రావడం కష్టం. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (కంపెనీ లోపలి రిపోర్టులు తయారుచేసే ఉద్యోగి), రిపోర్టింగ్, అకౌంట్స్ ఆపరేషన్స్ లాంటి పేర్లతో చేరి, రెండు మూడేళ్లలో అటు జరిగినవాళ్లను చాలామందిని చూశాను. హైదరాబాద్‌లో వెల్స్ ఫార్గో, నోవార్టిస్ లాంటి విదేశీ కంపెనీల పెద్ద కేంద్రాలు ఉన్నాయి. అక్కడి ఫైనాన్స్, రిపోర్టింగ్ బృందాల ప్రకటనలు ఇప్పటి నుంచే చదువుతూ ఉండండి. ఏ నైపుణ్యాలు మళ్లీ మళ్లీ కనబడుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి.

నా అంచనాలో ఆ కాగితం మీద ఎక్కువసార్లు పడేవి ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి కావాల్సిన వివరాలు అడిగి తీసుకునే భాష), పవర్ బీఐ (చార్టులు, డ్యాష్‌బోర్డులు చేసే సాఫ్ట్‌వేర్). ఎక్సెల్‌లో పైవట్ టేబుల్ (పెద్ద పట్టికను రకాల వారీగా కూడి చూపించేది), లుకప్‌లు (ఒక పట్టికలోని వివరాన్ని ఇంకో దాంట్లోంచి వెతికి తెచ్చే ఫార్ములాలు) చేతికి రావాలి. ఎస్‌క్యూఎల్ రోజుకు గంటన్నర చొప్పున మూడు నెలలు పట్టుదలగా చేస్తే పని నడిచేంత వస్తుంది. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తర్వాత చూసుకోవచ్చు. చాట్‌జీపీటీ లాంటివి క్వెరీలు (ఎస్‌క్యూఎల్‌లో డేటాను అడిగే ప్రశ్నలు) రాసిపెడుతున్నాయి కదా అంటారేమో. రాస్తాయి. రద్దయిన బిల్లులు కూడా అమ్మకాల్లో కలిసిపోయాయని వాటికి మీరు చెబితేనే తెలుస్తుంది.

లెక్కల భయం వదిలేయండి. సగటు, మధ్యగతం (అంకెల్ని వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది), శాతాలు, అంకెలు ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత, రెండు విషయాలు కలిసి కదులుతున్నాయా లేదా అన్నది. మొదటి రెండేళ్లూ వీటితోనే గడుస్తుంది. నాన్నగారి ఖాతాలో నలుగురు రైతులు పదేసి వేలు, ఒకాయన రెండు లక్షలు బాకీ ఉన్నారనుకోండి. సగటు బాకీ 48 వేలు. ఆ ఐదుగురిలో ఎవరి బాకీకీ ఆ అంకె దగ్గరగా లేదు. మధ్యగతం పది వేలు. వసూలుకు వెళ్లేటప్పుడు ఏ అంకె పనికొస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

పద్ధతిగా చదవాలనుకుంటే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ ఉంది. దీనికి జేఈఈ అవసరం లేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి, ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా దరఖాస్తు చేయొచ్చు. నాలుగు వారాల పాఠాల తర్వాత క్వాలిఫయర్ పరీక్ష ఉంటుంది. తేలికైన కోర్సు అనుకుని చేరకండి, మధ్యలో మానేసినవాళ్లు నాకు తెలుసు. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఐసెట్ రాసి ఎంబీఏలో బిజినెస్ అనలిటిక్స్ తీసుకోవడం ఇంకో దారి. కానీ రెండేళ్లు ఉద్యోగం చేశాక వెళ్తే ఆ చదువు మీకు ఎక్కువ ఒంటబడుతుంది.

ఇన్‌స్టిట్యూట్ విషయానికి వద్దాం. జాబ్ గ్యారంటీ షరతులు కాగితం మీద ఇమ్మనండి. ఎంత జీతం, ఎన్నాళ్లలో, రాకపోతే ఫీజు మొత్తం తిరిగిస్తారా, లేక ఇంటర్వ్యూలు ఇప్పించడాన్నే గ్యారంటీ అంటున్నారా? ఫీజు వాయిదాలంటూ మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ లోన్ తీయించే పద్ధతి కూడా ఉంది. కోర్సు మానేసినా ఈఎంఐ ఆగదు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయిస్తామంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నాన్నగారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. బ్యాంకు పరీక్షల్లోని డేటా ఇంటర్‌ప్రిటేషన్ (పట్టికలు, చార్టులు చూసి జవాబులు తేల్చే భాగం) ఈ రంగానికీ పనికొస్తుంది. అయితే రెండూ ఏడాది పొడవునా సగం సగం చదివితే ఏదీ తెమలదు. డిగ్రీ అయ్యాక ఆరు నెలలు దీనికివ్వమని ఆయన్ని అడగండి. ఊరికే అడిగితే ఒప్పుకోకపోవచ్చు, అందుకని ముందు ఆయనకే పనికొచ్చేది ఒకటి చేసి చూపించండి.

గడువు తీరిన పురుగుమందు అమ్మకూడదు. ఆ సరుకు ఏటా ఎంత మిగిలిపోతోంది? డీలర్లకు టార్గెట్లు పెట్టి కంపెనీలు స్కీములు ఇస్తాయి కదా. ఫలానా పెట్టెలు ఎత్తితే బంగారం, ఇంకొన్ని ఎత్తితే విదేశీ టూర్. ఆ స్కీము కోసం ఎక్కువ తెప్పించిన మందులో గడువు తీరేలోగా అమ్ముడుపోయింది ఎంత? మూడేళ్ల బిల్లులు ఎక్సెల్‌లోకి ఎక్కించి సార్వాకు వేరుగా, దాళ్వాకు వేరుగా, మందు వారీగా చూడండి. స్కీములో వచ్చిందెంత, మిగిలిపోయి పోయిందెంత, అప్పు వసూలుకు కోతల దాకా ఆగినందుకు పడిన వడ్డీ ఎంత అని మూడు అంకెలు తేల్చండి. వచ్చే సీజన్‌కు ఏ మందు ఎన్ని పెట్టెలు తగ్గించాలో ఒక్క పేజీలో రాసివ్వండి. ఇంటర్వ్యూలో అందరూ నెట్‌లో దొరికే టైటానిక్ ప్రయాణికుల డేటానే చూపిస్తారు. మీరు ఈ పేజీ చూపించండి, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం తీసేసి.

బిల్లు పుస్తకాలు ఈ వారమే అడిగి తీసుకోండి. సార్వా పనులు మొదలైతే నాన్నగారికి తల ఎత్తే తీరిక కూడా ఉండదు.