హోబీ 16 కొలతలు రెట్టింపు చేసి పెద్ద కటమరాన్ కట్టొచ్చా?

కళింగపట్నంలో ఫైబర్ పని తెలిసినవాళ్లు ఉన్నారు, హోబీ 16 అనే చిన్న కటమరాన్ (జంట పడవ) కొలతలన్నీ రెట్టింపు చేసి 32 అడుగుల పందెపు పడవ కట్టొచ్చా అని అడిగారు. అలా కడితే రెండు హల్‌లని (పడవ డొక్కలని) కలిపే అడ్డ దూలాలు నిలబడవు.

అన్ని కొలతలూ రెట్టింపైతే బరువు 8 రెట్లు, వెడల్పు 2 రెట్లు. తిరగబడకుండా పట్టే బలం ఈ రెండిటి గుణకారం, అంటే 16 రెట్లు. దూలం వంపుకి తట్టుకునే శక్తి మాత్రం 8 రెట్లే పెరుగుతుంది. దూలం లోహం మీద ఒత్తిడి రెండింతలన్నమాట.

ఒంటి పడవ గాలి ఎక్కువైతే ఒరిగి గాలిని వదిలేస్తుంది. జంట పడవ ఒరగదు, ఒక హల్ నీళ్లమీంచి లేచేదాకా భారమంతా లోపలే మోస్తుంది. హోబీ 16 బరువు 145 కిలోలు. ఇద్దరూ కలిపి 150 కిలోలున్న మనుషులు గాలివైపు హల్ మీద కూర్చుంటే, తెరచాప కొయ్యని ఆ పక్కనుంచి పట్టి ఉంచే తీగ మీద లాగుడు దాదాపు పడవ బరువు, దానికి తోడు మనుషుల బరువుకి రెట్టింపు: 445 కిలోలు. ముందు తీగ బిగువు కూడా కలుపుకుని తెరచాప కొయ్య ముందు దూలం నడిమధ్యన దిగబడుతుంది. అందుకే దూలం కింద డాల్ఫిన్ స్ట్రైకర్ అనే ఉక్కు రాడ్డుని వింటినారిలా బిగిస్తారు. దాని నట్టు వదులైతే దూలం కుంగి, పైన తీగలన్నీ జారతాయి. తీగలు బిగించే ముందు కింద చూడండి.

వంపు కన్నా మెలిక ప్రమాదం. అల ఏటవాలుగా వస్తే ఒక హల్ ముక్కు లేస్తుంది, రెండోది దిగుతుంది. మన తీరంలో అలల మీంచి ఇసుకకెక్కేటప్పుడు ఒక హల్ ముందు తగిలినా అంతే. ఆ మెలికంతా దూలం హల్‌ని పట్టుకునే చోటే పడుతుంది. అక్కడ ఫైబర్ పొరల మధ్య ఫోమ్ ఉంటే బోల్టు కింద నలుగుతుంది, తీసేసి గట్టి ఫైబర్ నింపండి. ప్రతి దూలం కిందా లోపల అడ్డగోడ ఉండాలి. ఒట్టి మ్యాట్ (నేత లేని ఫైబర్ పరుపు) చాలదు, 45 డిగ్రీల ఏటవాలు నేత గుడ్డ పరవండి. ఒక్కో పొరని కిందిదానికన్నా 50 మిల్లీమీటర్లు వెనక్కి ఆపండి, అన్నీ ఒకే గీత దగ్గర ఆగితే పగులు అక్కడే మొదలవుతుంది. ఉప్పునీటిలో స్టీలు బోల్టు అల్యూమినియంని తినేస్తుంది, నైలాన్ బుష్ వెయ్యండి.

కార్బన్ ఫైబర్‌తో కట్టిన పందెపు పడవలకీ ఇది తప్పలేదు. 2002లో అట్లాంటిక్ దాటే రూట్ డు రమ్ పందెంలో తుపానుకి 18 ట్రైమరాన్లలో (మూడు హల్‌ల పడవలలో) గమ్యం చేరినవి మూడే.

నా సలహా 20 అడుగులు దాటొద్దు. నీళ్లలోకి దిగే ప్రతిసారీ ముందు దూలం చుట్టూ రూపాయి బిళ్లతో తట్టండి. ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టే, ఆ రోజు తెరచాప ఎత్తొద్దు.