శనివారం టన్నెల్ జోలికి పోకు

అమ్మలూ, మండపేట మిల్లులో కంప్యూటర్ని ఇకమీద బెంగళూరు నుంచి నువ్వే చూస్తావని మీ నాన్న ఒకటే మురిసిపోతున్నాడు, నాకూ గర్వంగానే ఉంది గానీ వైర్‌గార్డ్ టన్నెల్, అదే ఇంటర్నెట్లో మిల్లు కంప్యూటర్‌కి వేసుకున్న రహస్య దారి, ఆగిపోతోంది శనివారం రాత్రి కూర్చుని సరిచేస్తా అన్నావంట, అది విన్నాక నాకు నిద్రపట్టలా.

మామూలువి నీకు తెలుసు. లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు మెషీన్లూ చివరిసారి ఒకదాన్నొకటి గుర్తుపట్టింది) ఎప్పటిదో చూడు, అసలు లేకపోతే రెండువైపులా రహస్య కీలు సరిపోయాయా, వైర్‌గార్డ్ మామూలుగా వాడే యూడీపీ పోర్టు 51820 తెరిచుందా, ఫైర్‌వాల్ అడ్డుకుంటోందా చూడు. మిల్లు నాట్ వెనకుంది, అంటే రౌటర్ చాటున ఉండి బయటినుంచి నేరుగా దొరకదు కాబట్టి అటువైపు కీప్‌అలైవ్ 25 పెట్టు, పాతిక సెకన్లకోసారి పలకరిస్తూ దారి మూసుకుపోకుండా చూస్తుంది.

మా ఆఫీసులో ఓ కుర్రాడుండేవాడు, చురుకైనవాడే. శ్రీకాకుళం దగ్గర గోడౌన్ మెషీన్లోకి దాని స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) మీద ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతిలో వెళ్లి, టన్నెల్లోంచి ఏ చిరునామాలకి పంపాలో చెప్పే అలౌడ్ ఐపీస్‌లో 0.0.0.0/0, అంటే అన్నిటికీ అని పెట్టి టన్నెల్ లేపాడు, అంతే, మెషీన్ పంపే జవాబులన్నీ టన్నెల్లోకి మళ్లిపోయాయి, వీడి స్క్రీన్ బిగుసుకుపోయింది. పోనీ టన్నెల్లోంచి వెళ్దామంటే అందులో పాత కీ ఉంది, హ్యాండ్‌షేకే లేదు. కూర్చున్న కొమ్మ నరుక్కున్నాడు. సంక్రాంతి ముందు రోజులు, రిజర్వేషన్ లేదు, గోడౌన్ తాళం వేసుకుని వాచ్‌మన్ ఊరెళ్లిపోయాడు, వాడు హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వెళ్లాడు. ఒక్క రీబూట్ కోసం! నువ్వట్లా ఒక్కదానివి మిల్లుకి పోదామని అర్ధరాత్రి రావులపాలెంలో బస్సు దిగుతావేమోనని నా బాధ, నవ్వుకో పర్లేదు.

అందుకే ఏది మార్చినా ముందు షట్‌డౌన్ మైనస్ ఆర్ ప్లస్ 10 (shutdown -r +10) అని కమాండ్ కొట్టు, లైను తెగితే పది నిమిషాల్లో అదే రీబూట్ అవుతుంది, బాగుంటే shutdown -c కొట్టి రద్దు చేసుకో. కొత్త సెట్టింగ్ కుదిరిందని తేలేదాకా ఫైల్లో సేవ్ చెయ్యకు, చేస్తే రీబూట్ అయినా అదే లేస్తుంది.

లాగిన్ అవుతుంది గానీ పెద్ద ఫైల్ తెరవగానే బిగుసుకుంటోందా? ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎన్ని బైట్లదాకా ఉండొచ్చన్న హద్దు. మామూలుగా 1420 ఉంటుంది, రెండువైపులా 1280 చేసి చూడు, నడిస్తే మెల్లగా పెంచుకో. కరెంటు పోయొచ్చాకే హ్యాండ్‌షేక్ రావట్లేదంటే మాత్రం గడియారం చూడు, మదర్‌బోర్డు సెల్ అయిపోయి టైం వెనక్కెళ్తే, హ్యాండ్‌షేక్ ప్యాకెట్ మీదుండే టైం చూసి పాతదనుకుని అవతలి మెషీన్ మాట్లాడకుండా పారేస్తుంది, మామూలు లాగుల్లో కూడా ఏమీ కనపడదు.

శనివారం రాత్రి వద్దమ్మా, ఆదివారం మిల్లులో పిట్ట కూడా ఉండదు. సోమవారం గుమాస్తా వచ్చాక మొదలుపెట్టు, మెషీన్ పక్కనే కూర్చోమని నేను చెప్తాలే.