పెంపుడు కుందేలుకు ఇన్సూరెన్స్ తీసుకోవడం దండగేనా?

బ్రిటన్‌లో కుందేలును పెంచుతూ, హఠాత్తుగా వచ్చే పెద్ద బిల్లు కట్టలేని వాళ్లకు ఇన్సూరెన్స్ దండగ కాదు. అలాంటి బిల్లు కోసం డబ్బు విడిగా దాచుకున్నవాళ్లకు తప్పనిసరీ కాదు. జంతువు చిన్నదైనా వైద్యం చవక కాదు. ఉదాహరణకు, కుందేలు మేత మానేస్తే పేగుల కదలిక మందగించి, గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ, ఎక్స్‌రే, సెలైన్, అడ్మిషన్ అంటూ బిల్లు పెరుగుతుంది. పాలసీ ఆదుకునేది ఇక్కడే, అదీ బిల్లులో మనమే కట్టాల్సిన వాటా పోగా.

పాలసీ ఉంటే అన్ని ఖర్చులూ వస్తాయనుకోవడం పొరపాటు. టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, ముందే ఉన్న జబ్బులు సాధారణంగా అందులోకి రావు. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొందరికి అసలు ఖర్చు పళ్ల వైద్యానిదే. చాలా పాలసీలు మెలిక పెట్టేదీ అక్కడే. ప్రీమియం కన్నా ముందు ఆ షరతు చదవాలి.