కాకతీయ సమాజం, విజయనగర సమాజం: తేడా నాకు ఎక్కడ కనిపించిందంటే

మతం, పాలన, సమాజం విషయంలో విజయనగరం కాకతీయ రాజ్యానికి కొనసాగింపేనా, లేక రెండూ వేరువేరా అని మీరు అడిగారు. నా మటుకు నాకు పోలిక తక్కువ, తేడా ఎక్కువ కనిపించింది. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. సెలవు దొరికితే పాత గుళ్ల వెంట తిరగడం, ఇంటికొచ్చి అక్కడి శాసనాల అచ్చుప్రతులు వెతికి చదువుకోవడం నాకున్న పిచ్చి.

చాలాకాలం నా బుర్రలో ఒక సింపుల్ లెక్క ఉండేది. కాకతీయులంటే శైవులు, విజయనగరమంటే సుల్తానులను అడ్డుకున్న హిందూ రాజ్యం, అంతే. రెండు ప్రయాణాల్లో ఆ లెక్క తప్పింది.

మొదటిది రామప్ప. పాలంపేటలో ఆ గుడి ముందు నిలబడి "ఏ రాజు కట్టించాడో" అని పైకే అనేశాను. పక్కనున్న పెద్దాయన "రాజు కాదు బాబూ, సేనాపతి" అని నవ్వాడు. నిజమే, 1213లో దాన్ని కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. పక్కన ఉన్న పెద్ద చెరువూ ఆయనదే. తర్వాత చూస్తే పాకాల చెరువు కూడా అంతే, జగదాల ముమ్మడి అనే అధికారి కట్టించింది. కాకతీయుల కాలపు శాసనాలు వరసగా చదివితే దానాలు చేసింది రాజులకన్నా నాయకులు, రెడ్లు, సెట్లు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లే ఎక్కువ. గుళ్లో అఖండదీపానికి ఎవరో గొర్రెలనిస్తారు. వాటిని మేపుకుంటూ రోజూ నెయ్యి పోయాల్సింది బోయలు. అది మెట్ట నేల, చెరువు లేనిదే ఊరు లేదు. చెరువు కట్టి నిలబెట్టినవాడికి దాని కింద దశబంధం పేరుతో మాన్యం దక్కేది, పేరు శాసనానికెక్కేది. పుట్టుకకన్నా చేసిన పనికి గుర్తింపు వచ్చిన సమాజంలా నాకు కనిపించింది. అందరికీ అని అనను, ఆ పల్లెల్లో శాసనం వేయించే తాహతు ఎందరికి ఉంటుంది?

రాజులే తమ శాసనాల్లో ఎక్కువచోట్ల తమది నాలుగో వర్ణమని, అంటే శూద్రులమని చెప్పుకున్నారు. సూర్యవంశం ఊసు కొన్నిచోట్లే వస్తుంది. విజయనగరం దీనికి తలకిందులు. దాన్ని మొదట ఏలిన సంగమ వంశంవాళ్లు యాదవులమన్నారు, కృష్ణదేవరాయలు పుట్టిన తుళువ వంశంవాళ్లు చంద్రవంశం దాకా వెళ్లారు.

మతం సంగతికి వస్తే కాకతీయులు శైవులన్న మాట తప్పు కాదుగానీ సగమే. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. 1163 నాటి వేయిస్తంభాల గుళ్లో శివుడితో పాటు విష్ణువుకీ సూర్యుడికీ గర్భగుడులున్నాయి. నన్ను బాగా ఆపింది 1261 నాటి మల్కాపురం శాసనం. రుద్రమదేవి గోళకీ అనే శైవ మఠానికి ఆచార్యుడు, రాజగురువు అయిన విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామం ఇస్తే, ఆయన దాని రాబడితో మఠం, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపే ఏర్పాటు చేశాడు. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని అందులో రాసుంది. రాజగురువు చేతికి భూమి వెళితే అది ఇలా ఊరికి చేరింది.

హంపిలో వేరే లోకం. హొసపేటలో దిగి సైకిలు మీద తిరిగాను, ఎండకి మాడిపోయాను. అక్కడ దేవుడూ రాజూ ఒకే ప్రాకారంలో ఉన్నట్టుంటుంది. రాచనగరి మధ్యలోనే హజార రామాలయం. దానశాసనాల చివర రాజు తన పేరు బదులు ‘శ్రీ విరూపాక్ష’ అని సంతకం పెట్టేవాడు. తర్వాతి కాలంలో ఆదరణ తిరుమల వైపు మళ్లింది, కృష్ణదేవరాయలే ఏడుసార్లు కొండెక్కాడు. కానీ నా లెక్క చెడిపోయింది తళారిఘట్ట వైపు దారిలో. అక్కడ 1439 నాటి చిన్న మసీదు ఉంది. రెండో దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ కట్టించాడు. దాని మీది కన్నడ శాసనం దాన్ని ‘ధర్మశాల’ అంటుంది, పుణ్యం దేవరాయలకు చెందాలంటుంది. దీనికీ నేను మోసుకొచ్చిన కథకీ పొంతన లేదు. అంతకుముందు 1368లోనే జైనులకూ శ్రీవైష్ణవులకూ తగవొస్తే బుక్కరాయలు ఇరువైపులా పెద్దల్ని కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు, శ్రవణబెళగొళలో ఆ శాసనం ఉంది. ఇన్ని భాషలు, ఇన్ని మతాలున్న రాజ్యంలో తగవులు తీర్చడమే పాలనలో పెద్ద పని అనిపించింది.

పాలనలో మాత్రం కొనసాగింపు ఉందనే అంటాను. నాయంకరం రెండుచోట్లా ఉంది, సైన్యం పోషించేవాడికి భూమి రాబడి ఇవ్వడం. విజయనగరాన్ని స్థాపించిన హరిహర బుక్కలు కాకతీయ ప్రతాపరుద్రుడి కొలువులో పనిచేశారన్న కథా అందుకే పుట్టిందేమో. అయితే విజయనగరంలో ఈ నాయకుల్ని నమ్మే విషయంలో టెన్షన్ ఎక్కువ. ఆముక్తమాల్యదలో రాయలు కోటలు బ్రాహ్మణుల చేతికివ్వమని సలహా ఇస్తాడు. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోప కొండవీటికి పాలకుడయ్యాడు కూడా.

ఆడవాళ్ల విషయంలో ఒక్క మాట. రుద్రమ గద్దెనెక్కింది, కానీ శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అనే మగపేరుతో. విజయనగర గద్దె మీద ఒక్క రాణీ కూర్చోలేదు. అక్కడ గంగాదేవి, తిరుమలాంబ సంస్కృత కావ్యాలు రాశారు.

పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. కాకతీయుల్ని మనం ఎక్కువగా పల్లెల్లోని రాళ్ల మీద చదువుతాం, విజయనగరాన్ని అబ్దుర్ రజాక్, పేస్, న్యూనిజ్ లాంటి విదేశీయుల కళ్లతో చూస్తాం. వాళ్లు చూసింది రాజధాని, దసరా సంబరం, ఏనుగులు, వజ్రాలు. అనంతపురం పల్లెలో గొర్రెలు మేపుతూ దీపానికి నెయ్యి పోసినవాడు వాళ్ల దారిలో తగల్లేదు.