ఒబామా ప్రసంగాలు వింటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. పొద్దస్తమానం ఫోన్‌లో కెనడీ, మార్టిన్ లూథర్ కింగ్, ఒబామా ప్రసంగాలే వింటుంది. అమెరికా వెళ్లి రెటరిక్ (ప్రసంగ కళ) చదువుతానని, నాయకులకు ప్రసంగాలు రాస్తానని అంటోంది. కాదంటే ‘బైడెన్‌కి వినయ్ రెడ్డి రాయలేదా’ అని ఎదురడుగుతోంది. రూ. 40 లక్షలు అప్పు తేవాలి. అసలు ఇలాంటి ఉద్యోగం ఉంటుందా సార్? - ఒక తండ్రి

జవాబు: ఉందండీ, వందేళ్ల నుంచీ ఉంది. 1921లో ప్రెసిడెంట్ హార్డింగ్ దగ్గర చేరిన జడ్సన్ వెల్లివర్‌ని వైట్‌హౌస్ తొలి ప్రసంగ రచయిత అంటారు. తర్వాత కెనడీకి సోరెన్‌సన్, రీగన్‌కు పెగ్గీ నూనన్. ఒబామాకు రాసిన జాన్ ఫావ్రోకి 2009లో వైట్‌హౌస్‌లో చేరేటప్పటికి 27 ఏళ్లే.

వినయ్ రెడ్డి పేరు చెబితే మాత్రం కథంతా చెప్పాలి. కుటుంబానిది కరీంనగర్ జిల్లా పోతిరెడ్డిపేట కాబట్టి 2021లో మన పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆయన పెరిగింది ఒహాయోలోని డేటన్‌లో. చదివింది లా. పర్యావరణ, ఆరోగ్య శాఖల అధికారులకు రాశారు, ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు బైడెన్‌కి రాశారు, మధ్యలో అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కమ్యూనికేషన్స్ చూశారు. ఆ తర్వాతే ప్రెసిడెంట్ ప్రసంగాలు. పైగా అక్కడి ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా ఆ దేశ పౌరసత్వం ఉండాలి. వీసా మీద వెళ్లిన మన పిల్లలకు ఆ తలుపు దాదాపు మూసినట్టే. చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి కూడా 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) వాళ్లకిచ్చే అదనపు 24 నెలలు ఈ కోర్సులకు మామూలుగా రావు. కాబట్టి 40 లక్షల అప్పు మాట ఇప్పటికి పక్కన పెట్టండి.

అమ్మాయి ఇష్టాన్ని మాత్రం పక్కన పెట్టకండి. నాకు ఒక్కటే అనుమానం. ఆమెకు ప్రసంగాలు వినడం ఇష్టమా, రాయడం ఇష్టమా? రెండూ ఒకటి కావు. 1941లో పెర్ల్ హార్బర్ దాడి మర్నాడు రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగం చిత్తుప్రతి ఇప్పటికీ ఉంది. ‘ప్రపంచ చరిత్రలో నిలిచిపోయే రోజు’ అని టైపు చేయించి, ఆ ‘ప్రపంచ చరిత్ర’ను పెన్సిల్‌తో కొట్టేసి, ‘అపకీర్తి’ అనే అర్థం వచ్చే ఒక్క మాట రాశారాయన. ఇవాళ లోకానికి గుర్తున్నది ఆ మాటే. ఆ కాగితం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చూపించండి. వీడియో కంటే ఆ కొట్టివేత ఆమెను ఎక్కువసేపు కూర్చోబెడితే, ఈ పనికి పనికొస్తుంది.

1963లో వాషింగ్టన్ సభలో కింగ్ ‘నాకొక కల ఉంది’ అన్నది కూడా ఆరోజు చేతిలోని కాగితంలో లేదు. వేదిక దగ్గరున్న గాయని మహేలియా జాక్సన్ ‘ఆ కల గురించి చెప్పు’ అని కేకేశారని చెబుతారు. అలాగని అప్పటికప్పుడు పుట్టిందీ కాదు. రెండు నెలల ముందు డెట్రాయిట్‌లో అదే పల్లవి పలికారాయన. పదిసార్లు పలికినవాడికే సమయానికి నోటికొస్తుంది.

దారి ఎలాగంటారా? ముందు ఇక్కడే ఇంగ్లిష్‌లోనో కమ్యూనికేషన్‌లోనో పీజీ చేయనివ్వండి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. కంపెనీల పెద్దలకు, స్వచ్ఛంద సంస్థలకు, మన నాయకులకు కూడా రాసేవాళ్లు కావాలి. పేరు రాదు, చప్పట్లు వేరేవాళ్లకు పడతాయి. అది భరించగలదా అనేది కూడా అడగండి. ఆ తర్వాత కూడా అమెరికా అంటే, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చే డిపార్ట్‌మెంట్లకే అప్లై చేయాలి. ఫీజు మినహాయింపు, స్టైపెండ్ ఇచ్చి, ఫస్టియర్ పిల్లలకు పబ్లిక్ స్పీకింగ్ చెప్పమనే చోట్లు అక్కడ ఉన్నాయి.

ఈలోగా ఒక పని. లింకన్ గెటిస్‌బర్గ్‌లో మాట్లాడింది సుమారు 270 మాటలు. ఆయనకు ముందు అప్పటి ప్రసిద్ధ వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడి, మీరు రెండు నిమిషాల్లో చెప్పినంత నేను చెప్పలేకపోయానన్న అర్థంలో మర్నాడు ఉత్తరం రాశారు. మీ అమ్మాయిని కూడా 270 మాటల్లోనే, తెలుగులో, వీడ్కోలు సభకని వాళ్ల ప్రిన్సిపాల్‌కో మీ ఊరి సర్పంచ్‌కో ఒక ప్రసంగం రాయమనండి. వాళ్ల చేతే పైకి చదివించి, ఎక్కడ తడబడ్డారో గుర్తు పెట్టుకుని, తిరగరాయమనండి. అలాంటివి నాలుగు అయ్యాక చిత్తుప్రతులతో సహా నాకు పంపండి. అప్పుడు యూనివర్సిటీల పేర్లు మాట్లాడుకుందాం.